మధుపర్కాల కౌంటరు

అమలాపురంలో మా షోరూము తెరిచిన కొత్తలో బట్టలు కొనేవాళ్ళకంటే ఎస్కలేటరు ఎక్కడానికి వచ్చేవాళ్ళే ఎక్కువ. కొత్తపేట నుంచీ రాజోలు నుంచీ పిల్లల్ని వెంటేసుకుని వచ్చి, పైకెక్కి, కిందికి దిగి, ఏసీలో కాసేపు కూర్చుని వెళ్ళిపోయేవారు. మా పైవాళ్ళు విసుక్కునేవారు. నాకు మాత్రం వాళ్ళని చూస్తే ముచ్చటేసేది. ఉద్యోగంలో చేరిన రోజు నేను కూడా దాన్ని చూసి భయపడి మెట్ల మీంచే పైకి వెళ్ళాను.

చాలా ఊళ్ళలో శాఖలున్న పెద్ద కంపెనీ మాది. రెండో అంతస్తులో పెళ్ళిబట్టల కౌంటర్లో ఉంటాను. చేరినప్పుడు సేల్స్ గర్ల్‌ని, ఇప్పుడు సీనియర్ సేల్స్ ఎగ్జిక్యూటివ్‌ని. తేడా ఏమిటంటే, అప్పుడు నీలం బ్యాడ్జి, ఇప్పుడు మెరూన్ బ్యాడ్జి. పని అదే, నిలబడడం అదే. మా దగ్గర కొనేవాళ్ళకి కుర్చీలుంటాయి, అమ్మేవాళ్ళకి ఉండవు. జనం లేరు కదా అని స్టాకు బస్తా మీద ఓ నిమిషం కూలబడితే కెమెరాలో పడతాం. కొన్నేళ్ళుగా నా మోకాళ్ళ కింద నరాలు ఉబ్బి, మెలికలు తిరిగి, నీలంగా కనిపిస్తున్నాయి. డాక్టరుగారికి చూపిస్తే, "నిలబడే పని మానెయ్యమ్మా" అన్నారు. మీ ఫీజు కట్టాలన్నా నిలబడాలి కదండీ అని నోటిదాకా వచ్చింది. 

అందుకే నాకు ఫ్లోర్ ఇన్‌ఛార్జి ఉద్యోగం కావాలి. గొప్పకోసం కాదు. సరే, అబద్ధమెందుకు, కొంచెం గొప్పకోసం కూడా. కానీ ముఖ్యంగా కాళ్ళ కోసం. ఇన్‌ఛార్జికి ఒక బల్ల, ఒక కుర్చీ ఇస్తారు. స్టాకు చూసుకోవడం, ఎవరికి ఏ కౌంటరో చెప్పడం, గొడవలొస్తే సర్దడం ఆ మనిషి పని. అవన్నీ నేను ఎప్పటినుంచో చేస్తూనే ఉన్నాను. నిలబడి చేస్తున్నాను, అంతే.

నా కౌంటరు సంగతి కొంచెం చెప్పాలి. మా వైపు పెళ్ళిబట్టలకి వచ్చినవాళ్ళు ముందు మధుపర్కాలు తీస్తారు. పీటల మీద పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కట్టుకునే ఎర్రంచు తెల్లబట్టలవి. అవి తీసి, అంచుకి పసుపు రాసి, పక్కన పెట్టుకున్నాకే పట్టుచీరల మాట. వాటిని ఎవరి చేతి మీదుగా తీసుకున్నామన్నది కొందరికి పెద్ద పట్టింపు. నేను చేరిన కొత్తలో నా చేత్తో తీసిచ్చిన రెండు మూడు పెళ్ళిళ్ళు బాగా కలిసొచ్చాయట. కాపురాలు బాగున్నాయట, పిల్లలు పుట్టారట, ఒకతనికి దుబాయ్‌లో ఉద్యోగం కూడా వచ్చిందట. అందులో నేను చేసిందేమిటో నాకు ఈ రోజుకీ అర్థం కాదు. కానీ 'ఆవిడ చెయ్యి మంచిది' అన్న మాట ఊళ్ళంట పాకిపోయింది. ఐనవిల్లి వినాయకుడికి దణ్ణం పెట్టుకుని సరాసరి మా షోరూముకి వచ్చి, గుమ్మం దగ్గరే సెక్యూరిటీ అతన్ని అడిగేవారు.

"పైన ఆవిడున్నారాండీ ఇయ్యాల?"

లేరంటే వెనక్కి వెళ్ళిపోయి మర్నాడు వచ్చేవారు. అక్క పెళ్ళికి నేను తీస్తే చెల్లెలి పెళ్ళికీ నేనే తియ్యాలి. మొదట్లో ఎంత పొంగిపోయానో. ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పుకునేదాన్ని, పక్కింటావిడకి చెప్పుకునేదాన్ని.

రోజూ షట్టరు తీసేముందు మాకో మీటింగు ఉంటుంది. అందరం గుండ్రంగా నిలబడి చప్పట్లు కొడుతూ, "మనం ఉద్యోగులం కాదు, ఒకే కుటుంబం" అని అరవాలి. చాలదంటే మళ్ళీ అరవాలి. కడుపులో లేనిది కౌగిలించుకుంటే వస్తుందా? మా ఇంట్లో బాత్రూముకి వెళ్ళొస్తానంటే ఎవరూ టైము చూడరు. అమ్మకు ఒంట్లో బాగోలేదని సెలవడిగితే, సీజనయ్యాక చూద్దామని ఏ కుటుంబంలోనూ అనరు. ఆ మధ్య భోజనాల గదిలో ఒక పోస్టరు అంటించారు. మెట్ల బొమ్మ. అడుగున చీర పట్టుకున్న అమ్మాయి, అన్నిటికంటే పైమెట్టు మీద టై కట్టుకుని నవ్వుతున్న మేనేజరు. 'మీ ఎదుగుదల మీ చేతుల్లోనే ఉంది' అని పైన పెద్దక్షరాలు. దానికిందే కూర్చుని రోజూ క్యారేజీ విప్పుకుంటాను. ఆ అడుగుమెట్టు మీదున్న అమ్మాయికి కూడా కాళ్ళు నొప్పి పుడుతూ ఉంటాయనుకుంటాను.

ఇన్‌ఛార్జి ఉద్యోగం మొదటిసారి ఖాళీ అయినప్పుడు మేనేజరు గదికి వెళ్ళి అడిగాను. ఆయనది హైదరాబాదు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కాఫీ తెప్పించి ఇచ్చారు.

"మేడమ్, మీరు ఈ స్టోర్‌కి స్టార్. స్టార్‌ని తీసుకెళ్ళి బల్ల వెనకాల కూర్చోబెడతామా చెప్పండి?"

కాఫీ తాగి వచ్చేశాను. రాజమండ్రి శాఖ నుంచి ఒకాయన్ని వేశారు. అంతవరకూ షర్టులమ్మిన మనిషి. మంచివాడే పాపం, తెలియనివన్నీ నన్ను అడిగి నేర్చుకున్నాడు. నేర్చుకుని, ప్రమోషను మీద వైజాగ్ వెళ్ళిపోయాడు. రెండోసారి విజయవాడ నుంచి ఇంకొకాయన వచ్చారు. ఆయనకీ నేనే నేర్పాను. నాకు మాత్రం వార్షికోత్సవంలో వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, మిక్సీ ఇచ్చారు. ఇంట్లో అప్పటికే ఒకటుంది.

మా ఆయన రొయ్యల చెరువుల మీద పనిచేస్తారు. చెరువుల మీద తిరిగే మనిషికి మాటలు తక్కువ, ఉన్నవి కాస్త ఘాటు. ఆ మిక్సీ అట్టపెట్టె చూసి నవ్వేరు.

"పాలిచ్చే గేదెని ఎవరన్నా అరుగెక్కించి కూకోబెడతారా? కుడితి పోస్తారు, మెళ్ళో గంట కడతారు. ఆ గంటే ఇది."

ఆ రాత్రి ఆయనతో మాట్లాడలేదు. నిజం చెప్పినందుకే ఒళ్ళు మండింది.

మూడోసారి ఖాళీ రాబోతోందని ముందే తెలిసింది. విజయవాడాయనకి బదిలీ ఖాయమైంది. ఈసారి కాఫీ వద్దన్నాను. నిలబడే అడిగాను, ఎలాగూ అలవాటే కదా. మేనేజరు కూడా సూటిగానే మాట్లాడారు.

"మీరు పైకొస్తే ఆ కౌంటర్లో ఎవరుంటారు? ఒకరిని తయారుచెయ్యండి మేడమ్. వాళ్ళు నిలదొక్కుకుంటే అప్పుడు మీ పేరే పంపిస్తాను."

ఇన్నేళ్ళలో నాకు దొరికిన మొదటి మాట అది. దాన్ని పట్టుకున్నాను.

రోజువారీ చీరల దగ్గర రాజోలు వైపు అమ్మాయి ఒకతె ఉండేది. చురుకైనది. ఒళ్ళు దాచుకోదు, మాట తూలదు. మేనేజరుతో చెప్పి నా పక్కకి మార్పించుకున్నాను. నాకు తెలిసిందంతా నేర్పాను. గుంపుగా వచ్చినవాళ్ళలో గట్టిగా మాట్లాడే మనిషి కొనేవాడు కాదనీ, మూల కుర్చీలో మాట్లాడకుండా కూర్చున్న మనిషి మొహం చూడాలనీ చెప్పాను. ఏ దోహాలోనో ఉన్న పెళ్ళికూతురి అన్నయ్యకి వీడియో కాల్‌లో చీర చూపించేటప్పుడు లైట్ల కింద కాకుండా వీధివైపు కిటికీ అద్దాల దగ్గరికి తీసుకెళ్ళి చూపించమన్నాను. లేకపోతే మెరూన్ కాస్తా నలుపులా కనిపించి, అక్కడినుంచే వద్దనేస్తాడు. ఆ అమ్మాయి రెండు నెలల్లో పట్టుచీరలు నాలాగే అమ్మడం మొదలుపెట్టింది. ఒక్క మధుపర్కాల దగ్గరే చిక్కు. ఆ బీరువా దగ్గరికి వచ్చేసరికి పెళ్ళివారి చూపులు నావైపు తిరిగేవి.

ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదా అనుకున్నాను. నాకూ ఎవరో ఒకరు మొదటిసారి అవకాశం ఇచ్చారు. తెలిసినవాళ్ళు, నన్ను ఇంటిమనిషిలా చూసేవాళ్ళు ఎవరైనా వస్తే, నేను పక్కనే ఉండి ఆ అమ్మాయి చేత తీయించాలి. ఆ పెళ్ళి బాగా జరిగితే ఆ చెయ్యి కూడా మంచిదైపోతుంది. లెక్క సరిగ్గానే ఉందనిపించింది.

కొత్తపేట దగ్గర్నుంచి ఒక కుటుంబం వచ్చింది. వ్యాను నిండా జనం. వాళ్ళ పెద్దమనవరాలి పెళ్ళికి నేనే తీశాను. ఆ పిల్ల శ్రీమంతానికి నన్ను పిలిచి గాజులు కూడా తొడిగించారు. ఇప్పుడు రెండోపిల్ల పెళ్ళి. నాయనమ్మ వస్తూనే నా బుగ్గలు పుణికి, చేతిలో ప్రసాదం పెట్టింది. ఇంతకంటే మంచివాళ్ళు దొరకరు, ఈరోజే అనుకున్నాను.

"మామ్మగారూ, ఇది నా చెల్లెలి లాంటిదండీ. ఇవాళ ఇది తీస్తుంది, నేను పక్కనే ఉంటాను."

"ఆయ్, అలాగేనమ్మా," అంది పెద్దావిడ. చీరలకే అనుకున్నట్టుంది.

ఆ అమ్మాయి బీరువా తెరిచి, ఎర్రంచు జత బయటికి తీసి, రెండు చేతులతో పట్టుకుని తెచ్చింది. నేను నేర్పినట్టే తెచ్చింది. పెద్దావిడ చెయ్యెత్తి ఆపింది.

"ఆగమ్మా. ఇయ్యి కూడా నువ్వే తీస్తున్నావా?"

"ఆయ్ మామ్మగారండీ," అంది ఆ అమ్మాయి నవ్వుతూనే.

పెద్దావిడ నావైపు తిరిగింది. కోపం లేదు ఆ మొహంలో. కోపమైతే నేను సర్దగలిగేదాన్ని.

"పెద్దదానికి నువ్వేగా తీసేవు. దాని కాపురం చల్లగా ఉంది. దీనికేం తక్కువైందని చెయ్యి మార్చేవమ్మా?"

"తక్కువని కాదండీ. నేను ఇక్కడే ఉన్నాను కదండీ..."

"ఉండి కూడా తియ్యలేదంటే ఏమనుకోవాలి?"

అప్పుడు మాట్లాడింది పెళ్ళికూతురు. అంతవరకూ మూల కుర్చీలో ఫోను పట్టుకుని, దోహాలో ఉన్న వాళ్ళన్నయ్యకి అందరినీ చూపిస్తున్న పిల్ల ఫోను ఒళ్ళో పెట్టేసుకుంది.

"అక్కకి మీరే తీసేరు కదండీ," అంది. కళ్ళనిండా నీళ్ళు.

 చెయ్యి చాచి ఆ జత అందుకోబోయాను. పెద్దావిడ వద్దంది. ఒకసారి వేరేచేతిలో పడి ఆగిపోయినదాన్ని మళ్ళీ ముట్టుకోకూడదట. వేరే జత తీస్తానన్నాను. ఇవాళ్టికి మనసు విరిగిందమ్మా, వద్దులే అంది. మొత్తం గుంపు లేచింది. ఒక్కళ్ళూ గొంతు పెంచలేదు. "వస్తామండీ, ఏవనుకోకండేం," అని నాకు ఒక్కొక్కళ్ళూ చెప్పి మరీ వెళ్ళారు. ఆ మర్యాద కంటే నాలుగు తిట్టినా బాగుండేది. అద్దాల్లోంచి చూస్తే, రోడ్డు దాటి ఎదురు షాపులోకి వెళ్తున్నారు.

నా పక్కన ఆ అమ్మాయి ఎర్రంచు జత పట్టుకుని అలాగే నిలబడి ఉంది. "నేనేం తప్పు చేసేనక్కా?" అంది. నువ్వేం చెయ్యలేదన్నాను. నేను మాత్రం ఏం చేశానని? నా కాళ్ళ కోసం ఒక పెళ్ళికూతుర్ని ఏడిపించాల్సి వచ్చిందే అని ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక, ఆ బీరువా తలుపు ధడాలున వేశాను. అది కూడా కెమెరాలో పడింది.

మేనేజరు పిలిచారు.

"మీరే కదా సార్ ఒకరిని తయారుచెయ్యమన్నారు."

"తయారుచెయ్యమన్నాను మేడమ్. పెళ్ళివాళ్ళని ఎదురు షాపుకి పంపించెయ్యమనలేదు."

విడవమంటే పాముకి కోపం, కరవమంటే కప్పకి కోపం. ఆ రోజుకి పామూ కప్పా రెండూ నా మీదే మండిపడ్డాయి. మళ్ళీ కౌంటరు దగ్గరికి వచ్చి నిలబడ్డాను.

తరవాత కొన్నాళ్ళకి, పొద్దున మీటింగులో చప్పట్లయ్యాక మేనేజరు కొత్త ఇన్‌ఛార్జి పేరు చెప్పారు. రాజోలు అమ్మాయి పేరు. అందరూ మళ్ళీ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చేతులు వాటంతటవే కొట్టుకున్నాయి, రోజూ అలవాటై. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మా అమ్మ అంటూ ఉండేది. ఆ కొమ్ములకి రోజూ నూనె రాసి పెంచింది మాత్రం నేనే.

మేనేజరు గదిలోకి వెళ్ళాను. ఈసారి తలుపు కొట్టలేదు.

"నాలో ఏం లోపముందో చెప్పండి సార్."

"లోపమా? మేడమ్, మీలో లోపమే లేదు. అదే కదా ఇబ్బంది. ఆ అమ్మాయిని కౌంటర్లోంచి తీసేస్తే ఒక్క కస్టమరు కూడా తిరిగి వెళ్ళరు. మిమ్మల్ని తీసేస్తే ఏమవుతుందో మొన్న మీరే చూపించారు. నా చోట మీరుంటే ఏం చేస్తారు?"

వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగారు.  భోజనాల గదికి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. బాధతో కాదు, ఉక్రోషంతో. బాగా చెయ్యనివాడిని తీసెయ్యడం విన్నాను. బాగా చేసినందుకు తొక్కిపెట్టడం ఏ లోకంలో న్యాయం?

ఆ అమ్మాయి వెతుక్కుంటూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"నేను అడగలేదక్కా. మీమీదొట్టు. నాక్కూడా ఇందాకే తెలిసింది."

నమ్మాను. అబద్ధం ఆడే పిల్ల కాదు. వెళ్ళి కూర్చోమన్నాను. కొత్తగా కూర్చోవడానికి మొహమాటపడుతుంటే, నేనే భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాను.

మంచి ఇన్‌ఛార్జి అయింది. నన్ను పల్లెత్తు మాట అనదు. మధ్యాహ్నం జనం పలచబడ్డాక, కెమెరాకి కనబడని చోటికి నన్ను పంపి, "స్టాకు చూసుకురండక్కా" అంటుంది. అంటే కాసేపు కాళ్ళు చాపుకుని రమ్మని. అంత చల్లని మనసు. అందుకే నాకు ఆశ పుట్టింది.

ఈమధ్య కింది అంతస్తులో, పిల్లల బట్టల దగ్గర, ఇన్‌ఛార్జి ఉద్యోగం ఖాళీ అయింది. పద్ధతి ప్రకారం ఏ అంతస్తు ఇన్‌ఛార్జి ఆ అంతస్తు నుంచి ఒకరిని సిఫారసు చెయ్యాలి. పై అధికారులు దాన్నిబట్టే నిర్ణయిస్తారట. నా సిఫారసు ఇప్పుడు ఆ అమ్మాయి చేతిలో ఉంది. సాయంత్రం, జనం రాకముందు, బల్ల దగ్గరికి వెళ్ళాను. నేనే నేర్పిన పిల్లని అడగడానికి నాకు నామోషీ అనిపించలేదు. నిజానికి ఎన్నో ఏళ్ళ తరవాత తేలిగ్గా అడిగాను.

"పిల్లల బట్టల దగ్గరికి నా పేరు రాస్తావా?"

ఆ అమ్మాయి గబుక్కున లేచి నిలబడింది. ఏం చెప్తుందో నాకు అప్పుడే తెలిసిపోయింది, కానీ వినాలి కదా.

"అమ్మో, మీరెళ్ళిపోతారా అక్కా? మాఘమాసం ముందర పెట్టుకుని? పెళ్ళివారొచ్చి అడిగితే నేనేం చెప్పాలక్కా? నావల్ల కాదక్కా. ఈ ఒక్క సీజనూ ఉండండక్కా, మీకు దణ్ణం పెడతాను."

నిజంగానే చేతులు జోడించింది. భయపడిపోయింది పిల్ల. ఆ భయంలో నటన లేదు, నా మీద ప్రేమకీ లోటు లేదు.

మేనేజరునైతే ఇన్నాళ్ళూ మనసులో తిట్టుకుని బతికాను. హైదరాబాదు మనిషి, మన కష్టం తెలియదు అనుకుని సరిపెట్టుకున్నాను. ఈ పిల్లకి నా కాళ్ళ సంగతి తెలుసు. ఉబ్బిన నరాలకి గుడ్డ చుట్టుకుంటుంటే పిన్నీసు అందించిన పిల్ల. అన్నీ తెలిసి కూడా వదలలేకపోతోంది. దీన్ని ఏమని తిట్టుకోను?

"సరేలే, ఏడవకు," అన్నాను. 

బల్ల మీద ఫోను మోగింది. కింద సెక్యూరిటీ అతను. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుని, నావైపు చూసింది. ఐనవిల్లి నుంచి పెళ్ళివారు వచ్చారట. పైన ఆవిడున్నారా అని అడుగుతున్నారట. నా నోటివైపు చూస్తూ అలాగే ఉంది.

"పంపించమను," అన్నాను.